వాక్యం ఇంకా అవలేదు

వదిన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఇరవై ఆరేళ్లుగా బస్సుల వేళల పట్టికలు, పరీక్ష పేపర్లు, మందుల పెట్టెల్లో మడిచి పెట్టే చీటీలు ఆమె పెన్సిలు దాటాకే అచ్చుకెక్కాయి. మరదలు ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్ల లెక్క చూస్తుంది. ఇద్దరూ కలిసి నాలుగు రోజులు విదేశానికి వెళ్లి సముద్రం చూడాలని ఆరేళ్ల కోరిక. ఒకరికి సెలవు దొరికితే రెండోవారికి దొరికేది కాదు. ఈసారి ఇద్దరికీ దొరికింది.

విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి ఉద్యోగి వదిన పాస్‌పోర్టు తిరగేసి తల అడ్డంగా ఊపాడు.

"గడువు నాలుగు నెలలే ఉందండీ. ఆ దేశానికి ఆరు నెలలుండాలి. ఆవిడ వెళ్లొచ్చు, మీరు కుదరదు."

"నాలుగు రోజుల ప్రయాణానికి మూడు నెలలు చాలు బాబూ. వాళ్ల నిబంధనలు చదివాకే టికెట్లు కొన్నాం."

"మా కంప్యూటర్లో ఆరు నెలలనే ఉంది. పక్కకు జరగండి, వెనక జనం ఉన్నారు."

పక్కకు జరిగేసరికి మరదలి కళ్లు నిండాయి. "పద వదినా, ఇంటికి పోదాం. మన మొహాలకు సముద్రం రాసిపెట్టి లేదు."

"నోర్ముయ్. ఇన్నేళ్లలో అచ్చుతప్పు వదల్లేదు, ఇవాళ వదుల్తానా?" అని వదిన పెట్టె ఈడ్చుకుంటూ మళ్లీ వరసలో నిలబడింది.

ఆమె వంతు వచ్చింది. ఉద్యోగి నిట్టూర్చి, పై అధికారిణిని పిలిచాడు. ఆమె వచ్చింది, చెవి దగ్గర ఫోను, ముఖాన చిరాకు.

"అమ్మా, నిబంధన నిబంధనే."

"కాదన్లేదండీ. కాస్త పైకి చదవండి."

"పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి..."

"చివర చుక్క ఉందా, కామా ఉందా?"

అధికారిణి తెరకేసి వంగింది. "కామా."

"అయితే వాక్యం ఇంకా అవలేదు. కిందికి జరపండి."

ఉద్యోగి జరిపాడు. అధికారిణి చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఫోను దించేసింది. "...అయితే పద్నాలుగు రోజుల లోపు ఉండే పర్యాటకులకు, తిరుగు టికెట్ చూపితే, మూడు నెలలు చాలును."

వదిన తిరుగు టికెట్ల కాగితం బల్లమీద పెట్టింది. వెనక ఇందాకటి నుంచి సణుగుతున్న పెద్దమనిషి పకపకా నవ్వాడు. ఉద్యోగి చెవులు ఎర్రబడ్డాయి.

"క్షమించండమ్మా. సగమే చదివాను."

"అందరూ అంతే నాయనా. అందుకే నాకు జీతం ఇస్తారు."

బోర్డింగ్ పాసులు రెండూ కిటికీ వైపువే ఇచ్చాడు, ఒకదాని వెనక ఒకటి.

ఆ దేశంలో దిగాక తనిఖీ అధికారి అడిగినవి రెండే ప్రశ్నలు: ఎన్ని రోజులు, ఎందుకు.

"నాలుగు రోజులు. ఊరికే, సరదాకి," అంది వదిన. ముద్ర ఠప్పున పడింది. ఆమె అక్కడే నిలబడి తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకుంది.

"ఇంక చాల్లే వదినా!" అంటూ మరదలు చెయ్యి పట్టి లాగింది.

సాయంత్రానికి ఇద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నారు. ఒక అల వచ్చి ఇద్దరినీ దబ్బున కూలదోసింది. ఉప్పునీళ్లు ఉమ్ముతూ, ఒకరినొకరు పట్టుకుని లేచి, కేకలు పెడుతూ తర్వాతి అలకు ఎదురెళ్లారు.