గుమ్మం దాటని మాట

ఎమ్మెల్యేగారి ఆఫీసుకు రెండే గదులు. లోపలి గదిలో ఆయన కూర్చుంటాడు, ముందు గదిలో ఆయన అక్క కూర్చుంటుంది. పని ఏ గదిలో అవుతుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

అక్కను ఆ కుర్చీలో ఎవరూ నియమించలేదు. తల్లి పోయేనాటికి తమ్ముడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. చంకనెత్తుకుని తనే పెంచింది. అతను మొదటిసారి గెలిచిన మర్నాడు ఆఫీసు ఎలా ఉందో చూసిపోదామని వచ్చింది. బెంచీల మీద కిక్కిరిసిన జనమూ, లోపల తల పట్టుకుని కూర్చున్న తమ్ముడూ కనిపించేసరికి గుమ్మం పక్కకు ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. అంతే, మళ్లీ లేవలేదు.

ఆమెది ఒకటే పద్ధతి. గుమ్మం దగ్గర తీరే పని గుమ్మం దాటకూడదు. పింఛను ఆగిందంటే గుమాస్తాకు ఫోను చేసేది. గుమాస్తా పలక్కపోతే గుమాస్తా భార్యకు చేసేది. ఆ మందు ఎప్పుడూ పనిచేసేది. ఏదీ రాసుకునేది కాదు. "పనయ్యాక కాగితమెందుకు, పొయ్యి రాజేసుకోడానికా?" అనేది. అర్జీ పట్టుకొచ్చినవాళ్ల చేతిలోని అర్జీ వాళ్ల చేతిలోనే ఉండేది, పని మాత్రం అయిపోయేది. లోపలికి వెళ్లి దణ్ణం పెట్టుకుంటామని ఎవరైనా అంటే, "వాడికి సవాలక్ష పనులు. మన కుళాయి గొడవ వాడి నెత్తినెందుకు? పదండి పదండి" అని సాగనంపేది.

అలా లోపలి గదిలో బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ బల్ల చూసుకుని తమ్ముడు తన నియోజకవర్గం చల్లగా ఉందనుకునేవాడు. అతని స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు.

మనిషి మంచివాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. ఒకరి సొమ్ము ఆశించి ఎరగడు. కాకపోతే పొదుపంటే పిచ్చి. శాసనసభలో మనుషుల్లేని గదుల్లో తిరిగే ఫ్యాన్లన్నీ తనే ఆపి వచ్చేవాడు. తోటి సభ్యులు 'స్విచ్చాయన' అని పేరు పెడితే, అదేదో బిరుదన్నట్టు ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పాడు. దుప్పటి ఎంతుంటే అంతవరకే కాళ్లు చాపుకోవాలని ప్రతి మీటింగులోనూ అనేవాడు. "కాళ్లు ఎవరివో కూడా చూడాలిరా" అని అక్క ఒకసారి అంది. నవ్వుతూ అంది కాబట్టి ఆయన పట్టించుకోలేదు.

ఆఫీసుకు ఎదురుగా దర్జీ కొట్టు ఉంది. ఎమ్మెల్యేగారి తెల్ల చొక్కాలన్నీ ఆ దర్జీ కుట్టినవే. అతని కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పెద్దాసుపత్రికి వెళ్లి, మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటేనే బతుకు. అలాంటివాళ్లను తీసుకెళ్లి తీసుకురావడానికి సర్కారు వ్యాను ఒకటి ఉండేది. అది పేరుకే సర్కారుది. నడిపించేది అక్క. డ్రైవరు సెలవు పెడితే ఇంకో డ్రైవరును వెతికేది, డీజిలు ఆపేస్తే ఆపినవాడి కొంప మీద కూర్చున్నంత పని చేసేది. వ్యాను ఎన్నిసార్లు ఆగబోయిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. రోగులకు కూడా తెలియనిచ్చేది కాదు.

దర్జీ ఎమ్మెల్యేగారికి కొలతలు తీసేవాడు. ఆయన చేతులు చాచి నిలబడేవాడు, ఇతను టేపు పట్టుకుని చుట్టూ తిరిగేవాడు. అంత దగ్గరగా నిలబడి కూడా తన జబ్బు సంగతి ఎత్తేవాడు కాదు. అక్కగారు చూసుకుంటున్నారు కదా, పెద్దాయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని.

బడ్జెట్టు మీద తమ్ముడు మాట్లాడే రోజున అక్క ముందు గదిలో టీవీ పెట్టించింది. బెంచీల నిండా జనం. దర్జీ భార్య కూడా కొట్టు భర్తకు వదిలి వచ్చి నిలబడింది. తెర మీద తమ్ముడు లేచి, కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టాడు. ఖర్చుల్లో కోతలంటే అందరూ పక్కవాడి ఊరు చూపిస్తున్నారనీ, తను అలాంటివాడు కాదనీ అన్నాడు.

"నా నియోజకవర్గం నుంచే మొదలుపెట్టండి. మాకు రోగుల వ్యాను ఉంది. ఇన్నేళ్లలో దాని గురించి ఒక్క అర్జీ నా బల్ల మీదికి రాలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎవరూ అడగని బండిని ఎందుకు మేపాలి? ఇలాంటివి అన్నిచోట్లా ఉంటాయి. తీసేద్దాం. నిజంగా అవసరమైనచోట పెడదాం."

సభలో బల్లలు చరిచారు. ముందు గదిలో కూడా అలవాటు కొద్దీ ఇద్దరు చప్పట్లు కొట్టి, పక్కవాళ్ల ముఖాలు చూసి ఆపేశారు. దర్జీ భార్య టీవీ వైపు చూడడం లేదు. అక్క వైపు చూస్తోంది. ఆ చూపులో కోపముంటే అక్క తట్టుకునేది. అక్కగారు ఉన్నారు కదా, ఏదో ఒకటి చేస్తారన్న ధీమా ఉంది. 

తమ్ముడు ఊరికొచ్చేసరికే వ్యాను ఆగిపోయింది. వచ్చిన పొద్దున్నే అక్క అతని ముందు నిలబడింది.

"ఆ వ్యాను గురించి నన్ను ఒక్కమాట అడగాలనిపించలేదురా?"

"నిన్నెందుకు అడగడం అక్కా? అర్జీలు రాలేదు. అదే చెప్పాను."

"రాలేదు కాదు. నేను రానివ్వలేదు."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. డ్రైవర్లు, డీజిలు, దర్జీ కిడ్నీలు. చివరిది విని అతను తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు బరువెందుకని."

"బరువు మొయ్యడానికే కదక్కా నన్ను గెలిపించారు" అన్నాడు. కసురుకోలేదు. కసిరినా బాగుండేదని ఆమెకనిపించింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. ఇన్నాళ్లూ ఆమె మూటగట్టుకున్నది ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ఆ రోజే అతను మంత్రి దగ్గరికి వెళ్లాడు. మంత్రి నవ్వుతూ అతని ఉపన్యాసమే అతనికి అప్పజెప్పాడు. నీ మాట మీద ఎన్నో ఊళ్ల బళ్లు ఆపేశాం, ఇప్పుడు నీ ఒక్క ఊరికి ఇస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా, వచ్చే సమావేశాల్లో చూద్దాం అన్నాడు. స్విచ్చాయన ఆపేసిన స్విచ్చును మళ్లీ ఎవరూ వెయ్యలేదు.

తమ్ముడు తన ఆఫీసు కారు ఇచ్చాడు. ఆ కారులో అక్కను బజారుకు కూడా ఎక్కనివ్వని మనిషి, నోరెత్తకుండా తాళాలు ఇచ్చాడు. కాని సభ ఉన్న రోజుల్లో కారు అక్కడే ఉండేది. అక్క తెలిసినవాళ్లందరినీ అడిగింది. మొదట్లో కాదన్నవాళ్లు లేరు. పోనుపోను ఫోన్లు మోగి మోగి ఆగిపోవడం మొదలైంది. ఇక బస్సే గతి. మధ్యలో దిగి ఇంకో బస్సెక్కాలి. దర్జీ పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. అక్క అతనితోపాటు వెళ్లేది, సీటు కోసం జనంతో పోట్లాడేది.

"మీరెందుకమ్మా ఈ అవస్థ పడటం" అన్నాడు ఒకనాడు, బస్సు కోసం అరుగు మీద కూర్చుని. "తమ్ముడుగారు తప్పేం అనలేదు. మేం అడగలేదన్నారు. నిజమే కదా, అడగలేదు."

"నేనుండగా మీరెలా అడుగుతారయ్యా" అంది అక్క. ఆమెకు ఏడుపొచ్చింది. ఆయాసపడుతున్న మనిషి చెయ్యి చాచి ఆమె భుజం తట్టాడు.

తర్వాత దర్జీ ఆసుపత్రి వాయిదా ఒకటి మానేశాడు. ఒంట్లో బాగానే ఉందన్నాడు. ఆ తర్వాతిది కూడా మానేశాడు. ఊపిరాడక భార్య కేకలు పెడితే ఇరుగుపొరుగు వచ్చారు. వాళ్లు బండి మాట్లాడుకొచ్చేలోపే పోయాడు.

కబురు తెలిసి తమ్ముడు సభ మధ్యలో బయల్దేరి వచ్చాడు. కొట్టు వెనక గదిలోనే వాళ్ల కాపురం. అక్క అప్పటికే అక్కడుంది. ఆయన రాగానే నలుగురూ లేచి దారిచ్చారు. ఆయన వెళ్లి నేల మీద, ఆ ఇల్లాలికి ఎదురుగా కూర్చున్నాడు.  

"నావల్ల జరిగిందమ్మా ఇది" అన్నాడు. "ఏం కావాలో అడుగు. నన్నే అడుగు."

ఆమె అలవాటు కొద్దీ అక్క వైపు చూసింది. ఇలాంటప్పుడు ఆ ఇంటి తరఫున మాట్లాడేది ఎప్పుడూ అక్కే. కొట్టు అద్దె సంగతి, పింఛను సంగతి, అన్నీ అక్క నాలుక చివరే ఉన్నాయి. అక్క పళ్లు బిగబట్టి తల దించుకుంది.

దర్జీ భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకేం కావాలి బాబూ, నా పనైపోయింది" అంది. "వ్యానులో మాతో ఒక పంతులమ్మగారు వచ్చేవారు. ఒంటరి మనిషి. రెండు వారాల్నించి ఆవిడ కూడా వెళ్లడం లేదట. ఆవిడ ఎవర్నీ ఏదీ అడగరు. మీరే వెళ్లి చూడండి."

 తమ్ముడు మెల్లగా లేచాడు.

"ఆవిడ ఇల్లెక్కడమ్మా?"

ఆ ఇంటికి కళ్లకు గంతలు కట్టినా అక్క నడిచి వెళ్లగలదు. ఆమె కదల్లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, తమ్ముడు ఆ ఇల్లాలిని సందు పేరు మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకుంటుంటే విన్నది. తర్వాత ఆయన ఒక్కడే చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు.