నాలుగు వైపులా నాలుగంగుళాలు

“అక్క వస్తాంది. గుడ్డ, దూది అన్నీ తనే తెస్తాదంట. కొంచెం అడ్జస్ట్ చేసుకో శశీ, మనోళ్ళే కదా,” అని మా ఆయన అమరనాథ్ ఎరువుల అంగడి నుండి ఫోన్ చేసేటప్పటికి నేను దోసెలు పోస్తున్నాను. ఎప్పుడూ ఆ ‘అడ్జస్ట్’ మాట వింటే నా చేతిలో గరిటె బరువెక్కుతుంది. ఇవాళ ఎక్కలేదు. పొద్దున్నే కొరియర్‌లో నా లేబుళ్ళు వచ్చాయి! బొటనవేలంత తెల్లటి గుడ్డ ముక్కలు, ఎర్ర దారంతో నేసిన కన్నడ అక్షరాల్లో నా పేరు, మా ఊరు: శశికళ, చింతామణి. పెళ్ళి పత్రిక తర్వాత నా పేరు అచ్చులో ఎక్కడైనా ఉందంటే వీటి మీదే. ఒకటి కొంగుకు పిన్నుతో పెట్టుకుని దోసె తిప్పుతున్నాను, నవ్వు ఆగడం లేదు.

మొదటి లేబుల్ ఏ బొంతకో కూడా తెలుసు. మా ఆడబిడ్డ ప్రతిమ వదిన కూతురు మంజుశ్రీకి ఆడపిల్ల పుట్టింది. ఆదివారం కైవారలో పాపను తొట్లో వేస్తారు. ఊరి ఆడవాళ్ళంతా వస్తారు, తొట్లోకి తొంగి చూస్తారు, బొంత అంచు పట్టి తిరగేస్తారు. తిరగేయకుండా ఎవరూ ఉండరు.

నా మిషన్ గురించి చెప్పాలి. పెళ్ళికి ముందు బాగేపల్లి దగ్గర గార్మెంట్స్‌లో పనిచేశాను. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు బెంగళూరులో ఒక కుట్టు యూనిట్ మూస్తున్నారని తెలిసి, గాజులు అమ్మి ఈ లాంగ్ ఆర్మ్ మిషన్ తెచ్చుకున్నాను. పన్నెండడుగుల చట్రం, రెండు రోలర్లు, వాటి మధ్య అటూ ఇటూ పరుగెత్తే సూది. అడుగు గుడ్డను రెండు రోలర్లకూ బిగించి, మీద దూది పరిచి, ఆపైన ముక్కలు కలిపి కుట్టిన పైగుడ్డ వేస్తే, మూడూ కలిసి బొంత అవుతాయి. దివాన్ తీసేసి హాల్లో పెట్టినప్పుడు ఆయన, “ఇల్లంతా నీ మిషనే అయిపాయ,” అన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఇల్లంతా నా పనే అని అప్పుడు తట్టలేదు నాకు. తట్టుంటే బాగుండేది.

మొదటి సంవత్సరం అందరి గుడ్డలూ సర్దుకుని కుట్టాను. ఆయన స్నేహితుడు బయ్యప్ప భార్య చిన్న అడుగు గుడ్డ తెచ్చింది. లాగి లాగి బిగించి కుట్టాను. పైన నున్నగా వచ్చింది, కింద అన్నీ ముడతలే. ఆమె తిరగేసి చూసి, “పని సరిగ్గా రాదేమో పాపం,” అంది. నాలుగు రోజులు కూర్చుని ఒక్కొక్క కుట్టూ విప్పాను. “ఇంట్లో కూర్చొని చేసే పనే కదా,” అన్నాడాయన. నా కాపురం కూడా ఆ బొంతలాగే ఉందని ఆ విప్పుళ్ళ మధ్య అనుకున్నాను. పైకి చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు.

పదకొండుకు ప్రతిమ వదిన వచ్చింది. సంచిలో నుండి మొదట పైగుడ్డ తీసింది. ముప్పై ఆరంగుళాల చదరం, మంజుశ్రీ చిన్నప్పటి గౌన్ల ముక్కలతో తనే కుట్టింది. నిజంగా అందంగా ఉంది, ముద్దొచ్చింది. తర్వాత అడుగుకు ఎర్రటి కొత్త గుడ్డ.

“సరిగ్గా పైదాని కొలతకే కత్తిరించినా చూడు. ఒక్క అంగుళం వేస్ట్ కాలేదు!”

ఆమె ఇంకో మూట విప్పింది. గుప్పుమని ఉడికిన పురుగు వాసన. వదిన భర్త గంగాధరప్ప అన్న పట్టుగూళ్ళ నుండి దారం తీస్తాడు, తీయగా మిగిలిన పీచు అది.

“దూదెందుకు? మా మనవరాలు పట్టు మీదే పడుకోవల్ల!” అంది వదిన, మొహం వెలిగిపోతూ.

పీచులో వేళ్ళు పెట్టాను. ఉండలు ఉండలుగా ఉంది, మధ్యలో పురుగు పెంకు ఒకటి చేతికి తగిలింది. కొంగుకున్న లేబుల్ కూడా తగిలింది. తెల్ల గుడ్డ పేలిక తడిపి ఎర్ర గుడ్డ మీద రుద్దాను. పేలిక ఎర్రగా అయింది.

“వదినా, పాప తడుపుతాది కదా. ఈ రంగంతా ఒంటికి అంటుకుంటాది. ఈ పీచుకు చీమలు పడతాయి. అడుగు గుడ్డ నాలుగు వైపులా నాలుగంగుళాలు ఎక్కువ లేకుంటే రోలర్‌కు పట్టదు. దీంతో నేను కుట్టను.”

ఆ చివరి మాట నా నోట్లో నుండే వచ్చింది. చెవులు వేడెక్కాయి, భయంతో కాదు. పరుగెత్తి మేడ ఎక్కి అరవాలనిపించేంత సంతోషంతో!

వదిన మొహం ముడుచుకుంది. “మా అమ్మ ఊరందరికీ చేత్తోనే కుట్టిచ్చె. ఏది తెస్తే అది కుట్టె. ఇన్ని మాటలు అనలేదు.”

వంటింటి గడపలో అనపకాయలు ఒలుస్తున్న మా అత్త చౌడమ్మ తల ఎత్తింది. చెయ్యి చాచి చూపించింది. చూపుడు వేలు కొస పక్కకు తిరిగిపోయి ఉంది.

“అనలేదే ప్రతిమా. అందుకే ఇది ఇట్ల ఉండాది.”

అత్త లేచి ట్రంకు పెట్టె తెరిచి పాత నూలు చీర తెచ్చింది. నలభై ఏళ్ళకు పైగా ఉతికి ఉతికి వెన్నలా అయిన ఆకుపచ్చ చీర. “కొలుచు శశమ్మా.”

టేపు పెట్టాను. వెడల్పు నలభై అయిదు అంగుళాలు! అటు నాలుగు, ఇటు నాలుగు, ఇంకా అంగుళం మిగులు. కేక వేశాను. ఇంకో తడి పేలికతో రుద్దితే పేలిక తెల్లగానే ఉంది. మధ్యలో పరిచే దూది నా దగ్గరున్నదే. వదిన చీరను చెంపకు ఆనించుకుని, “ఇది నువ్వు నన్ను చంకనేసుకున్నప్పటిది కదమ్మా,” అంది. కోపం పూర్తిగా పోలేదు గానీ, పీచు మూట తనే కట్టి గడప బయట పెట్టింది.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. వదిన వెళ్తూ వెళ్తూనే ఫోన్ చేసి చెప్పినట్టుంది.

“ఇంట్లోవాళ్ళకి కూడా రూల్సేనా?”

“ఇంట్లోవాళ్ళ గుడ్డల మీద నేర్చుకున్న రూల్సే ఇవి.”

“సరే, అన్నం పెట్టు.”

“కుక్కర్‌లో ఉండాది, పులుసు పక్కనే ఉండాది,” అన్నాను చీర మడతలు విప్పుతూ. ఆయన తల్లి వైపు చూశాడు. అత్త అనపకాయల మీద నుండి కళ్ళు ఎత్తలేదు. కొంచెం సేపటికి వంటింట్లో గిన్నె మూత తీసిన చప్పుడు వినబడింది.

లేబుల్ ఎవరైనా చివర్లో, బొంత బాగా వచ్చిందని చూసుకున్నాకే కుడతారు. నేను కొంగు నుండి పిన్ను తీసి, అత్త చీర మూలలో ముందుగా దాన్ని కుట్టేశాను. ఇక మీద ఈ బొంతను అడ్జస్ట్ చేయమనే హక్కు ఎవరికీ లేదు, నాకు కూడా.