ముఖం చూపించండి

"వీధి మలుపు తిరిగేదాకా హెల్మెట్ అద్దం పైకెత్తకు అమ్మాయ్!" అని అత్తగారు రోజూ అనే మాటే ఆ రోజూ అంది. కోడలి కళ్ళలో దుమ్ము పడుతుందని కాదు ఆవిడ బెంగ, కొడుకు పరువు మీద పడుతుందని. ఆమె ఒంటి మీద ఉన్నది మొగుడి టీషర్టు, వీపున ఉన్నది మొగుడి పేరున వచ్చిన పార్సెల్ సంచి, ఫోన్లో తెరిచి ఉన్నది ఇంటింటికీ భోజనం చేర్చే కంపెనీలో మొగుడి ఖాతా. హెల్మెట్ పెట్టుకుని బండెక్కిందంటే వీధివాళ్ళ లెక్కలో వెళ్తున్నది ఆయనే. మొన్న పక్కింటావిడ గుమ్మంలో నిలబడి "మీ అబ్బాయి ఎండనకా వాననకా తిరుగుతున్నాడండీ, పాపం" అంటే అత్తగారు నిట్టూర్చి, "వాడి రెక్కల కష్టం మీదే కదమ్మా ముగ్గురం తింటున్నాం" అంది. ఆ సమయానికి ఆ రెక్కలున్న మనిషి లోపలి గదిలో ఫ్యాను కింద బోర్లా పడుకుని ఉన్నాడు. ఈమె వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని గుమ్మం తుడుస్తోంది. పొద్దుటి నుంచి మేడలెక్కి దిగిన కాళ్ళు లాగేస్తున్నాయి. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

మొదట్లో ఇది నాలుగు రోజుల ముచ్చటే అనుకున్నారు. ఆయన బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఖాతా ఊరికే ఉంటే కంపెనీవాళ్ళు మూసేస్తారని, కాలు కుదుటపడేదాకా తాను తిప్పుతానంది ఆమె. పెళ్ళికి ముందే బండి నేర్చుకుంది, లైసెన్సూ ఉంది. కాలు కుదుటపడింది. మంచం మాత్రం ఆయన్ని వదల్లేదు. "నా పేరు మీద ఇంకో ఖాతా తెరుచుకుంటానండీ" అని ఒకసారి అడిగి చూసింది. "పెళ్ళాం గడపగడపకీ తిరిగి అన్నం పంచుతోందంటే రేపు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. అత్తగారు ఇంకో మెట్టు పైకెక్కి, "వాడి పేరుకి ఫైవ్ స్టార్లున్నాయి. నీ పేరుకేముంది?" అంది. ఆ స్టార్లు ఎవరి చెమటతో వచ్చాయో ఆవిడకి తెలియక కాదు. తెలిసే అంది, అదే ఈమెకి మండింది.

అసలు చిక్కంతా ఆయన మొహంతోనే వచ్చేది. బండి నడిపేది ఖాతా ఉన్న మనిషేనా, వేరేవాళ్ళా అని కనిపెట్టడానికి ఫోను ఉన్నట్టుండి 'ముఖం చూపించండి' అంటుంది. ఎప్పుడంటుందో ఆ దేవుడికే తెలియాలి. అన్నాక ఇచ్చే గడువు కాసేపే. ఆలోగా ఆయన మొహాన్ని కెమెరాకి చూపించాలి. మూడుసార్లు కుదరలేదంటే ఖాతాకి తాళం పడిపోతుంది, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకని ఆమె దూరం ఆర్డర్లు ఒప్పుకోదు. గానుగెద్దులా ఇంటి చుట్టుపక్కల వీధుల్లోనే తిరుగుతుంది. లిఫ్టులో ఉన్నా, సిగ్నల్ దగ్గర ఆగినా, బాత్రూమ్ దొరక్క పొత్తికడుపు బిగబట్టుకుని హోటల్ కౌంటర్ ముందు నిలబడినా చెవి ఫోను మీదే. అది మోగితే పరిగెత్తాలి. పరిగెత్తి వస్తే ఆయన నిద్రలో ఉంటాడు, లేదా స్నానంలో ఉంటాడు. "వస్తున్నానే, కొంప మునిగిపోయిందా?" అంటాడు. మునుగుతున్నది కొంపే అని ఈమెకి తెలుసు. ఆయన తీరిగ్గా తల దువ్వుకుని వచ్చి కెమెరా ముందు కూర్చుని, పని కాగానే "చూశావా, నేను లేకపోతే నీకు రోజు గడవదు" అంటాడు. రోజంతా ఆయన చేసే ఉద్యోగం అదొక్కటే. అయినా సాయంత్రానికి ఒళ్ళు నొప్పులంటాడు.

ఆ మధ్యాహ్నం హోటల్లో వేడి సూపు డబ్బా, రెండు అన్నం పెట్టెలు సంచిలో సర్దుకుని బండెక్కిందో లేదో ఫోను మోగింది. ముఖం చూపించండి. సూపు ఒలకకూడదు, గడువు దాటకూడదు. గతుకులు తప్పించుకుంటూ, ఎర్ర లైటుని తిట్టుకుంటూ, గుమ్మం మెట్లు రెండేసి ఒకేసారి ఎక్కి ఇంట్లోకొచ్చి పడింది.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏవండీ, తొందరగా! ఫోను అడుగుతోంది."

"ముందు నువ్వు గాభరా పడనని చెప్పు" అన్నాడు తువ్వాల్లోంచి.

అత్తగారు పక్కనుంచి, "దాన్నెందుకురా భయపెడతావు, తీసెయ్" అంది.

తీశాడు. మీసం లేదు. పెళ్ళయిననాటి నుంచి ఆ మొహం మీద ఏలుబడి చేస్తున్న గుబురు మీసం ఉన్న చోట తెల్లటి చర్మం మెరుస్తోంది. "తెల్ల వెంట్రుకలు వచ్చాయని కొంచెం కత్తిరించమన్నానే. కుడివైపు పొట్టిదైందన్నాడు మంగలి. ఎడమ పక్క తగ్గించాడు. మళ్ళీ కుడివైపు ఎక్కువైందన్నాడు..." అని నసిగాడు. ఇంకో రోజైతే ఆమె నవ్వేది. ఆ క్షణాన మాత్రం ఫోను ఆయన మొహానికి ఎదురుగా పట్టింది. సరిపోలలేదు అంది ఫోను. కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి మళ్ళీ పట్టింది. సరిపోలలేదు. ఒక్కసారే మిగిలింది.

"కాటుక పెన్సిల్ తేవే!" అన్నాడు ఆయన హఠాత్తుగా. "మీసం దిద్దు!"

బుర్ర ఆలోచించడం మానేసింది గానీ చేతులు చెప్పినట్టే చేశాయి. ఎడమ చేత్తో ఆయన గడ్డం పట్టుకుని, ముక్కు కింద ఒక్కొక్క వెంట్రుకా గీయడం మొదలుపెట్టింది. సంచిలో సూపు చల్లారిపోతోంది. ఆయన పిల్లాడిలా కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. అత్తగారు తల దగ్గర నిలబడి, "జాగ్రత్తగా దిద్దమ్మా. మన బతుకంతా అందులోనే ఉంది" అంది. కుడివైపు పూర్తయింది. ఆయన అద్దం అందుకుని చూసుకున్నాడు. చూసుకుని, "కొంచెం గుబురుగా పెట్టవే. నా మీసం ఇంత పల్చగా ఉంటుందా?" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఎండలో మాడింది తను, కుక్కలు తరిమింది తనని, లిఫ్టులో రావద్దు మెట్ల మీద వెళ్ళమన్నది తనని. అంతా పడి, ఇప్పుడు ఆ కష్టానికి తన చేత్తోనే ఈయన మొహం గీసి అతికిస్తోంది. అదీ పల్చగా ఉందట. భయం అలాగే ఉంది. కానీ దాన్ని మించిన రోత పుట్టింది. పెన్సిల్‌కి మూత పెట్టేసింది.

"ఏమైందే? రెండో వైపు?"

"సూపు చల్లారిపోతోందండీ. పాపం, ఎవరో ఆకలితో చూస్తుంటారు."

"ఖాతా పోతుందే!"

"మీది పోతుంది. నాది ఇవాళే తెరుచుకుంటాను." బీరువాలో చీరల అడుగు నుంచి తన లైసెన్సు తీసి జేబులో పెట్టుకుంది. సంచి భుజాన సర్దుకుంటూ అంది, "స్టార్లు లేకపోతే లేకపోయాయి. మొదటి నుంచీ తెచ్చుకుంటాను."

"ఒరేయ్, అలా చూస్తావేంట్రా? దాన్ని ఆపు!" అని అత్తగారు అరిచింది. ఆయన లేచాడు, గుమ్మం దాకా విసురుగా వచ్చాడు. వీధిలో జనం ఉన్నారు. చెయ్యి దానంతట అదే మూతి మీదకి పోయింది. సగం మీసంతో గడప దాటలేక, వేళ్ళ సందుల్లోంచి "ఒసే... లోపలికి రావే... చెప్పేది వినవే" అని ఎవరికీ వినపడకుండా పిలిచాడు.

ఆమె బండి మీద కూర్చునేసరికి ఫోను మోగింది. ఆర్డరు పెట్టిన మనిషి. ఆకలి మీద ఉన్నట్టున్నాడు, గట్టిగానే అడిగాడు: "అన్నా, ఎక్కడున్నావన్నా? ఇంకా ఎంతసేపు?"

"అన్న ఇంట్లోనే ఉన్నాడండీ" అంది ఆమె, వీధి వీధంతా వినపడేలా. "అన్నం తెచ్చేది నేను."