పై వరుసలో పేరు

పార్సిల్ విప్పి ఫ్రెంచి సినిమా క్యాసెట్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చూడాలి. సెన్సారుకు ఇవ్వడానికి కథ ఒక పేజీలో రాయాలి. ముద్దులు, తాగుడు ఎన్నో నిమిషంలో వస్తాయో విడిగా రాయాలి. అరబ్బీ టైపిస్టు దగ్గరికి వెళ్ళాలి. వీసీఆర్ హెడ్ తుడవాలి. షాపు అద్దానికి అంటించే బోర్డు చేత్తో రాయాలి. నర్సయ్య కాక క్యాంపు వాళ్ళ అర్జీ సాఫు రాసి గురువారం లోపల ఇవ్వాలి.

1993 మే నెలలో ఒక వారం నేను చేయాల్సిన పనులు ఇవి. అన్నీ చేశాను.

అప్పుడు నేను గల్ఫ్‌లో, మత్రా అనే ఊళ్ళో ఖాదర్‌వలి గారి వీడియో షాపులో పని చేసేవాణ్ణి. ఆయనది కడప. మాది జగిత్యాల పక్కన పల్లె. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను బీఏ చదివించింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. ఊరి వరసకు నాకు కాక అయ్యే నర్సయ్య ఘుబ్రాలో మేస్త్రీ పని చేసేవాడు.

కంపెనీ కూలీలుండే వాళ్ళ క్యాంపులో ముప్ఫై మంది. సైట్‌కు నీళ్ళు తెచ్చే ట్యాంకరే తాగే తొట్టి కూడా నింపేది. అడుగున సిమెంటు పేరుకునేది. ఇద్దరు కడుపునొప్పితో ఆస్పత్రి పాలయ్యారు. మంచి నీళ్ళు వేరే తెప్పించమని కంపెనీ మేనేజరుకు ఇంగ్లీషులో అర్జీ రాశాను. పేర్ల కోసం కింద గీతలు కూడా కొట్టాను. గురువారం క్యాంపుకు తీసుకెళ్తే, పేరు మొదట ఎవరు పెట్టాలా అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా వైపు ఏ పంచాయితీ కాగితం మీదైనా పెద్దమనిషి చెయ్యి పడ్డాకే మిగతావాళ్ళు పెడతారు.

"కాకా, అందరికంటె పెద్దోనివి. నువ్వే ముంగట పెట్టు" అన్నాను.

"నాదేం పెద్దర్కంరా, గడ్డం తెల్లగైతె పెద్దోన్నా?" అన్నాడు గానీ సంతోషపడ్డాడు. పై వరుసలో తెలుగులో నర్సయ్య అని రాశాడు.

మర్నాడు శుక్రవారం, షాపుకు సెలవు. సెన్సారు కాగితం కోసం సినిమా చూస్తుంటే కాక వచ్చి పక్కన కూచున్నాడు. పాత సినిమా అది. యుద్ధంలో శత్రువుల చేతికి చిక్కిన దేశం, లోలోపల ఎదురుతిరిగిన మనుషులు. రీళ్ళు బూజు పట్టి ఏళ్ళ తరబడి పడి ఉంటే ఒక్కొక్క బొమ్మే శుభ్రం చేసి, పోయిందనుకున్న సీను ఒకటి వెతికి కలిపి, ఇళ్ళల్లో చూసుకునేందుకు క్యాసెట్‌గా తెచ్చారని పెట్టెలో ఉన్న చిన్న పుస్తకంలో రాసి ఉంది. ఆ సీనులో, రహస్యంగా ఉత్తరాలు చేరవేసే ముసలి పడవవాణ్ణి పట్టుకుని నీ వెనక ఎవరున్నారని కొడతారు. పక్కన ముసలి పెళ్ళాం ఏడుస్తుంటే అతను చచ్చిపోయినవాళ్ళ పేర్లే చెబుతాడు.

కింద వచ్చే ఇంగ్లీషు చదివి కాకకు చెబుతున్నాను.

"గా ఉత్తరాల మీద ఎవల పేర్లు లెవ్వా?" అని అడిగాడు.

"లెవ్వు కాకా. దొరికితె పట్టుకుంటరని."

"హుషారుగున్నరు."

నేను క్యాసెట్ ఆపాను.

"ఏంరా, కరెంటు వోయిందా?"

"మనం పేర్లు రాసినం గదా కాకా."

కాక పకపకా నవ్వాడు. "గాళ్ళది యుద్ధంరా. మనయి తాగే నీళ్ళు. నీళ్ళడిగితె తుపాకి వట్టుకొస్తరా? నడిపియ్యి, ముసల్ది ఏడుస్తుండె."

నడిపించాను. కానీ అర్జీ ముందురోజు రాత్రే మేనేజరుకు చేరిపోయింది.

ఆదివారం, కాక వాళ్ళ మీద పెత్తనం చేసే క్యాంప్ బాసు షాపుకు వచ్చాడు. సినిమాలకు అతను మా దగ్గరికే వస్తాడు. ఆ రోజు అద్దెకు ఏమీ అడగలేదు. జేబులోంచి అర్జీ తీసి కౌంటరు మీద పరిచాడు. పై పేరు మీద వేలు పెట్టి, వీడే లీడరు, మిగతావాళ్ళను వీడే రెచ్చగొట్టాడు అన్నాడు హిందీలో. మీ ఊరివాడేనట కదా, ఈ ఇంగ్లీషు ఎవరు రాశారు అని అడిగాడు.

"మాలూమ్ నహీ" అన్నాను.

నేను అదే చేత్తో ఇంగ్లీషులో రాసిన సినిమా బోర్డు అద్దానికే ఉంది, వీధి వైపు తిరిగి. లోపలికి దాని వీపే కనిపిస్తుంది. అతను బయటికి వెళ్ళి, దానికి జానెడు దూరంలో నిలబడి సిగరెట్ ముట్టించుకున్నాడు. సముద్రం వైపు చూస్తూ రెండు దమ్ములు లాగి కారెక్కాడు.

ఖాదర్‌వలి గారు అప్పటిదాకా తల ఎత్తలేదు. "ముందు ఆ బోర్డు పీకేయబ్బా. నీ రాత గుడ్డోడు గూడా గుర్తుపడతాడు" అన్నారు.

పీకి, నాలుగు ముక్కలు చేశాను.

మంగళవారం మధ్యాహ్నం షాపు మూశాక ఘుబ్రా వెళ్ళాను. కాక గేటు లోపల పెట్టె మీద కూచున్నాడు. వీసా క్యాన్సిల్ చేశారు. గురువారం ఫ్లైటు. గేటు దాటొద్దన్నారు.

"ఎవలు రాసిండ్లని అడిగిండ్లా?"

"అడగక? రెండు రోజుల సంది గదే లొల్లి. పోయిన నెల ఎల్లిపోయిన కేరళోడు రాసిండన్న. సిన్మల ముసలోని లెక్క. గీడు సావలేదు గని, దొరకడు" అని నవ్వబోయి మానేశాడు.

"నేను పోయి చెప్త కాకా. నేనే రాసిన, నేనే నిన్ను ముంగట పెట్టమన్న అని."

"చెప్తె? నా పేరు పైనుంచి కిందికి దిగుతదా? నాకు తోడు నువ్వు గూడ ఎక్కుతవ్ ఇమానం. మీ అవ్వ బీడీలు జుట్టి సదివించింది గందుకేనా? పో, నీ డ్యూటికి ఆల్శమైతది."

ఆ మాటతో నాకు ఎంత నిమ్మళమైందో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఇంకోసారి అడగలేదు. నాలుగింటికి షట్టరు తీశాను. గురువారం ఎయిర్‌పోర్టుకు కూడా పోలేదు. అక్కడ క్యాంప్ బాసు ఉంటాడని భయం.

పది రోజులకు ఆ క్యాంపులో తాగే నీళ్ళకు మూత ఉన్న కొత్త ట్యాంకు పెట్టారు. సినిమాకు సెన్సారు రెండు కత్తిరింపులతో అనుమతి ఇచ్చింది. పడవవాడి సీను ఉంచారు. ఖురమ్ నుంచి వచ్చే తెల్లవాళ్ళు ఆ క్యాసెట్ తీసుకుపోయి, బొమ్మ చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకునేవాళ్ళు. నేను థాంక్యూ చెప్పి రిజిస్టర్లో వాళ్ళ పేరు రాసుకునేవాణ్ణి.

కాకకు మళ్ళీ వీసా రాలేదు. మూడేళ్ళ తర్వాత ఊళ్ళో గోడ కడుతూ మంచె మీదినుంచి పడి చనిపోయాడు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కాక భార్య "గంగాప్రసాద్ వచ్చిండు" అంటూ నాకు పీట వేసింది. ఎందుకు పంపించేశారో ఆమెకు కాక చెప్పలేదట. నేనూ చెప్పలేదు.

ఆయన పూర్తి పేరు ఎలిగేటి నర్సయ్య. ఇది చదివినవాళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకోండి. అర్జీ రాసింది ఆయన కాదని కూడా.