మూడు నాగళ్ళ ఆట

ఫుట్‌బాల్‌లో బంతిని గాల్లోకి లేపేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకటి కాదు రెండు కాదు, ఇరవై ఏళ్ళు మండింది. మంథనిలో మా కాలేజీకి నేనే డ్రిల్లు సారునయ్యాక ఆ మంట ఇంకా పెరిగింది. నా జట్టులో ఎవడైనా దూరంగా ఒక పాస్ కొట్టాడా, గ్రౌండు చుట్టూ పది రౌండ్లు ఉరికించేవాణ్ణి. రాజం సారుకు ముక్కు మీద కోపం అని పిల్లలు చాటుగా అనుకునేవాళ్ళు. అనుకోనీ, ఉన్న మాటే కదా! కాని బంతిని గాల్లోకి లేపడం మా ఆట కాదు. మాది మూడు నాగళ్ళ ఆట.

అది పుట్టింది మా సొంత మడిలో. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు బందైతే, అప్పటి డ్రిల్లు సారు దశరథం గారు ఊరికే కూర్చోలేకపోయారు. కాలేజీ గేటుకు తాళం. వరికోతలు అయిపోయాయి. "రాజం, మీ మడి ఖాళీగున్నది గదా, ఆడ ఆడుదాం పాండ్రి" అన్నారు. మా మడి పొడుగు బాగానే ఉంటుంది గాని వెడల్పు పది గజాలే. బంతిని పక్కకు తంతే గట్టుకు కొట్టుకుని తిరిగొచ్చేది, పైకి తంతే బావిలో పడేది. ఇక మిగిలింది ఒక్కటే. బంతిని కాలికి అంటిపెట్టుకుని ముందుకు ఉరకడం.

దశరథం సారు మమ్మల్ని ముగ్గురేసి నిలబెట్టి చెప్పిన మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "నడుమ ముందటి నాగలి. బంతి వాని కాడ ఉంటది. రెండు బాజులల్ల, ఒక అడుగు ఎనక, రెండు నాగళ్ళు. ఎదురుంగ ఒకడు అడ్డమొస్తడు. వాని మొకం చూడకు, మోకాలు చూడు. మోకాలు నీ దిక్కు తిరిగిందా, బంతి పక్కోనికి ఇడిసిపెట్టు. పక్కోని దిక్కు తిరిగిందా, నువ్వే దూకు. ముందుగాల అనుకోని పోవద్దు. చూసి పోవాలె."

ముందటి నాగలిని నేను. నా కుడి పక్కన, కుడి బాజు నాగలి సాంబయ్య, నా ప్రాణమిత్రుడు. డెబ్బై ఒకటి నుంచి వరుసగా నాలుగేళ్ళు కరీంనగర్‌లో జరిగే రెండు జిల్లాల కాలేజీల కప్పు మాదే. అబ్బ, ఏం రోజులవి! మేం ముగ్గురం కదిలితే చూసేవాళ్ళంతా లేచి నిలబడేవాళ్ళు. తర్వాత మిగతా కాలేజీలూ ఈ ఆటే పట్టుకున్నాయి. పదేళ్ళు ఎక్కడ చూసినా ముగ్గురు ముగ్గురు ఉరకడమే.

ఆ ఆటను చంపింది సాంబయ్యే. మంచిర్యాల కాలేజీలో డ్రిల్లు సారుగా చేరి, తన పిల్లలకు ఒక్కటే ముక్క నేర్పాడు. "బంతిని చూడకుండ్రి. ముగ్గురికి ముగ్గురు. ఎవని నాగలిని వాడు పట్టుకోవాలె." అంతే. మోకాలు ఎటూ తిరగకపోతే ముందటి నాగలి దేన్ని చూసి నిర్ణయించుకోవాలి? ఎనభై అయిదు వచ్చేసరికి అందరూ ఈ ఆటను వదిలేశారు. నేను వదల్లేదు. నాలుగేళ్ళు వరుసగా మొదటి మ్యాచుల్లోనే ఓడి ఇంటికొచ్చాం.

ఎనభై తొమ్మిదిలో ప్రిన్సిపాల్ గారు పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పేశారు. "పోరగాండ్లు క్రికెట్ కావాలంటున్నరు రాజం. ఈసారి కప్పు తెచ్చినవా, సరే. లేకుంటే మన కాలేజీల ఫుట్‌బాల్ బందు. గ్రౌండు క్రికెట్‌కు ఇస్త." కప్పు తెచ్చి తీరాల్సిందే అనుకుని, ఏటా లాగే పంట కోయగానే జట్టును మా మడికే తోలుకుపోయాను. కాలేజీకి గ్రౌండు ఉండగా మడి ఎందుకని అడిగితే, ఆట పుట్టిన చోటే పదునెక్కుతుంది అనేవాణ్ణి.

నన్ను కన్న అవ్వ కిష్టవ్వ, రెండో పంటకు అడ్డం పడ్డానని గట్టు మీద నిలబడి తిట్టేది. "బావిల నీళ్ళున్నయి. ఇరువై ఏండ్ల సంది గీ మడిల యాసంగి పంట లేకపాయె. నీ బంతికి బలిపెడితివి గదరా!"

నేను వినేవాణ్ణా!

జట్టు కెప్టెన్ కొమురెల్లి. మాట తక్కువ, కన్ను చురుకు. వాడే ముందటి నాగలి. లెఫ్ట్ అవుట్ ఆడే అంబదాస్ జైనూర్ దిక్కు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు, గాలిలా ఉరికేవాడు. అయితే ఏం లాభం, పది గజాల మడిలో అంచున ఆడేవాడికి చోటెక్కడిది? గట్టు మీద కూర్చునేవాడు. "నేను గీడ దిష్టిబొమ్మనా సార్?" అని ఒకరోజు అడిగితే పిల్లలంతా పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు.

ఒక సాయంత్రం కాలేజీ గ్రౌండులో కొమురెల్లి బంతిని అంత దూరం లేపి అంబదాస్‌కు అందించాడు. వాడు ఒంటరిగా పోయి గోల్ కొట్టాడు. ఇద్దరినీ పది రౌండ్లు ఉరికించాను.

"తప్పేంది సార్? వాని దగ్గర ఎవ్వడు లేకుండె" అన్నాడు కొమురెల్లి రొప్పుతూ.

"ఎవ్వడు లేకుంటే ఏంది? మన ఆట గది కాదు. నోర్మూసుకో" అన్నాను.

ఆ ఏడు ఒక్కో మ్యాచూ ఒక్క గోల్ తేడాతో ఎలాగో గట్టెక్కి ఫైనల్ దాకా వచ్చాం. ఎదుట మంచిర్యాల. ఇంకెవరుంటారు!

మొదటి సగంలోనే ఒక గోల్ వెనకబడ్డాం. మా వాళ్ళు ముగ్గురు కట్టుకుని పోవడం, వాళ్ళు ముగ్గురు నిలబడి పట్టేయడం. అవతలి గట్టున సాంబయ్య కుర్చీలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ పక్కాయనతో ముచ్చట పెడుతున్నాడు. ఆట వైపు చూడను కూడా చూడడం లేదు. చూడాల్సిన పనేముంది వాడికి, అంతా తెలిసిందే కదా! ఆ పల్లీలు చూసి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

హాఫ్ టైమ్‌లో పిల్లలు వచ్చి కూలబడ్డారు. కొమురెల్లి పిక్క మీద నెత్తురు.

"ఇంక గట్టిగ ఉరకుండ్రిరా! తిండి తింటలేరా?" అని అరిచాను.

"ఎంత ఉరికినా గంతే సార్" అన్నాడు కొమురెల్లి. "వాండ్ల మోకాళ్ళే చూస్తున్న. ఎటూ తిరుగుతలేవు. చూసి పోవాలె, ముందుగాల అనుకోని పోవద్దని మీరే చెప్తిరి. మనం మంథనిల్నే అనుకోని వచ్చినం సార్."

కొట్టడానికి చెయ్యి లేచింది. అది గాల్లోనే ఆగిపోయింది.

గ్రౌండు వైపు తిరిగాను. నిజంగా చూడటం ఆ రోజు అదే మొదటిసారి. మంచిర్యాల వాళ్ళు ఆడినంతసేపూ నడుమ ఆ పది గజాలలోనే గుంపుగా నిలబడ్డారు. అక్కడ గడ్డి నలిగిపోయింది. రెండు అంచుల్లో పచ్చిక మీద అడుగు కూడా పడలేదు. డెబ్బై గజాల వెడల్పు గ్రౌండు అది. నేనే మా మడి గట్లను నెత్తిన పెట్టుకుని మంథని నుంచి కరీంనగర్ దాకా మోసుకొచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి ఏం జేద్దామంటవురా?" అన్నాను. ఏ పిల్లవాణ్ణీ నేను అలా అడిగి ఎరగను.

"మూడు నాగళ్ళు కట్టుకునే పోతం సార్. వాండ్లంత మా మీదికి వస్తరు. గప్పుడు అంబదాస్‌కు లేపుత."

మూడు నాగళ్ళు ఇక ఎర మాత్రమే. సరే అంటే నా చేత్తో నేనే దాన్ని ముగించినట్టు. అయినా పిల్లలకు ఆటే లేకుండా పోతే నా నాగళ్ళను నేనేం చేసుకుంటాను?

"లేపు" అన్నాను.

రెండో సగం మొదలైన పది నిమిషాలకు కొమురెల్లి లేపాడు. బంతి అందరి తలల మీదుగా పోయి అంబదాస్ ముందు పడింది. ఎవడూ లేడు అక్కడ. గోల్! సాంబయ్య చేతిలో పల్లీలు కింద పడ్డాయి. లేచి కేకలు వేసి ఇద్దరిని అంబదాస్ మీదికి పంపాడు. నడుమ పలచబడింది. ఇక అయిదు నిమిషాలుందనగా కొమురెల్లి మళ్ళీ బయల్దేరాడు. ఎదురొచ్చినవాడు ఒక్క క్షణం అంబదాస్ వైపు చూశాడు. వాడి మోకాలు తిరిగింది.

"దూకురా!" అని అరిచాను. నా అరుపు కంటే ముందే కొమురెల్లి దూకేశాడు. రెండు ఒకటి.

విజిల్ అయ్యాక సాంబయ్య నా దగ్గరికి వచ్చాడు. ఓడిన కోపం లేదు వాడి ముఖంలో. "మన మూడు నాగళ్ళు పాయె గదరా రాజం" అన్నాడు.

"పాయెరా. నువ్వు చంపినవు, నేను బొందపెట్టిన" అన్నాను. ఇద్దరం అందరి ముందూ పట్టుకుని ఏడ్చాం. మా పిల్లలు అటు కప్పుతో గంతులేస్తున్నారు.

మర్నాడు మడిలో గోల్ కోసం పాతిన గుంజలు పీకేస్తుంటే అవ్వ వచ్చింది. "కప్పు గెల్సినవంట గదా. గెల్సినోని మొకమా గిది?"

"ఎల్లుండి దున్నుదాం అవ్వా. యాసంగి ఏద్దాం."

ఇరవై ఏళ్ళు దీనికోసమే తిట్టిన మనిషి, నా చేతిలోని గుంజ పట్టుకుని ఆపింది. "పోనీ, గా గట్టు పొంటి ఆటకు జరంత జాగ ఉంచుకో బిడ్డా" అంది.

"వద్దవ్వా. పోరగాండ్లకు గ్రౌండు ఉన్నది" అన్నాను.

బావి నీళ్ళు పెట్టి రెండు రోజులు నాననిచ్చాం. మూడో రోజు పొద్దున నేనే నాగలి పట్టాను. పిల్లలు రెండు నెలలు తొక్కిన నడిమి భాగంలో కర్రు దిగలేదు. ఎడ్లు ఆగిపోయాయి. కళ్ళు తుడుచుకుని, నా బరువంతా మేడి మీద వేసి ఒత్తాను. దిగింది.