పంది ఊపిరిలో పుట్టినవాడు

మా ఆడపంది దగ్గుతోంది. గట్టిగా దగ్గేసరికి దాని డొక్కలో తలుపు తెరుచుకుంటుంది. నేను తవుడు బకెట్టు కింద పెట్టి, తల వంచుకుని లోపలికి వెళ్తాను.

కొల్లేటి గట్టున మా దొడ్డి. పందులే మా బతుకు. వాటిని చూడ్డానికొచ్చిన పశువుల డాక్టరు సువర్చల గారు కూడా చెప్పులు బయట విడిచి నా వెనకే వస్తారు.

లోపల పొడవాటి గది. పంది ఊపిరి తీసినప్పుడల్లా గోడలు వెనక్కి జరుగుతున్నాయి. చాప మీద ఇద్దరు కూర్చున్నారు. ఒకడి కాళ్లు తడిగా ఉన్నాయి. వాడు బాతుల మందతో వచ్చాడు. రెండోవాడిది మా ఆయన పోలయ్య గొంతు. జ్వరంతో ఆయన దగ్గిన దగ్గులోంచి దిగాడు. ఇద్దరి ఒళ్లోనూ ఎనిమిదేసి దారపు కండెలు. అవి మార్చుకుంటూ ఒకే బట్ట నేస్తున్నారు.

"ఫ్లూ వైరస్‌లు, కోటమ్మ గారూ," అంటారు డాక్టరమ్మ. "బాతుది ఒకటి, మనిషిది ఒకటి. పంది ఒంట్లో ఇద్దరికీ చోటుంటుంది. ఆ ఎనిమిదేసి కండెలే వాళ్ల జన్యువులు, అవి కలిస్తే మూడోవాడు పుడతాడు. వాణ్ని ఏ ఒళ్లూ ఎరగదు, అందుకే ఆపలేదు."

"అయితే మా పందిని చంపేత్తారా?"

"చంపితే తలుపు మూసుకుంటుంది. మనం లోపలే ఉన్నాం కదా."

బట్టలోంచి మూడోవాడు లేస్తాడు. వాడికింకా ముఖం రాలేదు. తిన్నగా తలుపు వైపు నడుస్తాడు. బయట మా కోడలు ఇందిర నెలలు నిండి కూర్చుంది. నేను వెళ్లి గడపకి అడ్డంగా కూర్చుంటాను.

"ఎక్కడికి బాబూ?"

"నన్ను ఎరగనోళ్ల దగ్గరికమ్మా."

"ఎరిగిపోతే?"

"ఎరిగినచోట నాకు పనుండదు."

డాక్టరమ్మ దూదిపుల్లతో వాడి ముక్కు తుడుస్తారు. ముఖం ముందు దూది మీదకి వస్తుంది, తర్వాత వాడికి వస్తుంది. ఆవిడ ఆ దూదిని నా భుజం మీదుగా బయటికి ఊదుతారు. అది పింజలు పింజలుగా గట్టంతా తిరిగి, కనిపించిన ప్రతి ఒంటికీ టీకాలా వాడి ముఖం చూపిస్తుంది.

"ఓ, నువ్వా," అంటాయి ఒళ్లన్నీ ఒక్కసారే. ఇందిర ఒళ్లు అందరికంటే గట్టిగా అంటుంది.

మూడోవాడు నిలబడ్డచోటే నిలబడిపోతాడు. తర్వాత నా పక్కన కూలబడి, అలిసిపోయిన పిల్లాడిలా నా ఒళ్లో తల పెట్టుకుంటాడు. జుట్టు నిమురుతుంటే వాడు పోగుపోగుగా విడిపోతాడు. అవతల ఇంట్లో పోలయ్య గంజి అడుగుతున్నాడు, తన గొంతుతోనే.

మేం బయటికి వస్తాం. కొల్లేరు ఉన్నచోట లేదు. ఇందిర దాన్ని రెండు కొసలూ పట్టుకుని దూలానికి ఉయ్యాల కట్టింది. అందులో, చేపల మధ్య, ఇంకా పుట్టని పిల్ల కాళ్లాడిస్తోంది. పందులు వంతులవారీగా ఊపుతున్నాయి.