ఆ శనివారం డ్యూటీ ఎవరిది?

పది గంటలకు ఫోన్ చేస్తామని ఉత్తరంలో రాశారు. వర్నా ఎనిమిదిన్నరకే కారు వేసుకుని కొండ మీది చర్చి ముందుకు వచ్చి కూర్చుంది. కింద లోయలో ఉన్న ఆమె ఇంటికి సిగ్నల్ అందదు. విచారణ ఫోన్ ఎత్తకపోతే అప్పీలు అక్కడికక్కడే కొట్టేస్తారట. మనిషి బతుకంతా ఒక్క ఫోన్‌కు వేలాడదీయడం ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో గానీ, వాళ్లు ఈ కెంటకీ కొండల్లో ఒక్కరోజైనా కాపురం చేసి ఉండరు.

పక్క సీట్లో రెండు ఉత్తరాలున్నాయి. ఒకటి, నిరుద్యోగ భృతి కుదరదని వచ్చింది. చెప్పకుండా డ్యూటీ ఎగ్గొట్టింది కనక తప్పు ఆమెదేనని దాని సారాంశం. దాని మీదే ఈ అప్పీలు. రెండోది పిల్లల సంక్షేమ శాఖది. నెలాఖరులోగా ఆదాయం ఉన్నట్టు కాగితం చూపించకపోతే మనవరాలు టెస్సాను వేరే ఇంట్లో పెడతారు. కూతురు మత్తుమందుకు బానిసై ఎటో పోయిన నాటి నుంచి ఆ ఆరేళ్ల పిల్లకు అమ్మైనా అమ్మమ్మైనా వర్నాయే. భృతి మంజూరైతే అదే కాగితం. కాకపోతే పిల్ల చెయ్యి దాటిపోతుంది. మూడు వారాలుగా వర్నాకు ముద్ద దిగడం లేదు.

జరిగింది ఇంతే. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో బట్టలుతికే గదిలో ఆమెది పదిహేడేళ్ల ఉద్యోగం. అక్కడ సెలవు కావాలంటే ఎవరూ ఆఫీసు గుమ్మం ఎక్కరు. ఎక్కినా దొరకదు. డ్రయ్యర్ పక్కన వేలాడే క్యాలెండర్‌లో పెన్సిల్‌తో పేర్లు మార్చుకుంటారు, అంతే. శుక్రవారం సాయంత్రం టెస్సాకు ఒళ్లు కాలిపోతుంటే, శనివారం గడిలో 'వర్నా బదులు డానెట్' అని రాసుకున్నారు. తనతోపాటు అదే గదిలో పనిచేసే డానెట్ నిద్రపోయింది, రాలేదు. సోమవారానికి క్యాలెండర్‌లో ఆ పేజీ లేదు, వర్నాకు ఉద్యోగమూ లేదు. పేజీ ఎవరు చింపారంటే అందరూ నేల చూపులు చూశారు.

నిన్న డానెట్ తనంతట తానే ఇంటికి వచ్చింది. వర్నా కన్నా ఇరవై ఏళ్లు చిన్నది.

"నేను చెప్తాలే వర్నమ్మా. నిద్రపోయింది నేనైతే శిక్ష నీకా? నీ కొంప ముంచి నేనెక్కడ బాగుపడతాను?" అని మెడ చుట్టుకుని ఏడ్చింది.

"ఏడుపు ఆపవే. అధికారికి కావాల్సింది సాక్ష్యం, శోకాలు కాదు. ఈసారైనా అలారం పెట్టుకుని పడుకో!" అంది వర్నా. ఇద్దరూ నవ్వుకున్నారు.

పది దాటి ఏడు నిమిషాలకు ఫోన్ మోగింది. విచారణ అధికారి అందరినీ ఒకే లైన్లో కలిపి, నిజమే చెప్తామని ప్రమాణం చేయించాడు. మేనేజరు గ్రోవ్స్, డానెట్ ఇద్దరూ ఒకే ఫోన్లోంచి మాట్లాడుతున్నారని వర్నాకు అప్పుడు తెలిసింది. డానెట్‌ను తన గదిలోనే, తన ఎదురుగానే కూర్చోబెట్టుకుంది ఆ మహాతల్లి.

"మా దగ్గర డ్యూటీ మార్చుకోవాలంటే ఫారం నింపాలి సార్. ఆవిడ నింపలేదు," అంది గ్రోవ్స్.

"డానెట్ గారూ, ఆ శనివారం మీరు చేస్తానని ఒప్పుకున్నారా?"

"నాకు... సరిగ్గా గుర్తు లేదండీ."

వర్నాకు టెస్సా పొద్దున బడి మెట్ల మీంచి వెనక్కి తిరిగి చెయ్యి ఊపడం కళ్లముందు మెదిలింది.

"గుర్తు లేదా? నీ నోరు పడిపోను!"

"తిట్లొద్దమ్మా. ప్రశ్న ఉంటే అడగండి," అన్నాడు అధికారి.

"అడుగుతాను సార్. ఏమే, మీ పిల్లాడు బ్రాడీ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వు తొమ్మిది రోజులు వేళకి రాలేకపోయావు. పొద్దున్నే హాజరు మిషన్లో నీ నంబరు కొట్టిందెవరు? నువ్వొచ్చేదాకా నీ పని కూడా నా నెత్తిన వేసుకున్నదెవరు? అదైనా గుర్తుందా?"

"వర్నమ్మా, వద్దు..."

"చెప్పవే!"

"నువ్వే," అంది డానెట్, వినీ వినపడకుండా.

వర్నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. "విన్నారా సార్! మేం ఒకళ్లనొకళ్లం ఇలాగే కాచుకుంటాం. ఆ శనివారమూ అంతే. దానికన్నీ గుర్తున్నాయి, భయపడి చస్తోంది."

అవతల టకటకమని టైపు కొడుతున్న చప్పుడు.

"నేనొక్కటి అడగొచ్చా సార్?" గ్రోవ్స్ గొంతు తేనె పూసినట్టుంది. "వర్నా గారూ, పనిలో లేని మనిషి వచ్చినట్టు మిషన్లో కొట్టారన్నమాట. తొమ్మిది సార్లు."

"అందరూ కొడతారు కదమ్మా. మీకు తెలీదా?" అంది వర్నా.

"అవునా, కాదా?"

"జవాబు చెప్పాలమ్మా," అన్నాడు అధికారి, కాస్త మెత్తగానే.

"అవును."

ఇంకెవరూ ఏమీ అడగలేదు. తీర్పు పోస్టులో వస్తుందని అధికారి చెప్పాడు. లైను తెగే ముందు గ్రోవ్స్ మాట ఒకటి వినపడింది. "నువ్వు కదలకు డానెట్, కూర్చో."

వర్నా స్టీరింగ్‌కు తల ఆనించి ఉండిపోయింది. తన పిల్లను కాపాడుకుందామని నోరు తెరిచి, డానెట్ పిల్లాడి కూడు కూడా చెడగొట్టింది. ఇంత చేసీ భృతి రాదు, తెలుస్తూనే ఉంది. పదిహేడేళ్లు ఏ పనిని మంచితనమనుకుని చేసిందో, ఆ పనే ఆమెను దొంగను చేసింది.

అరగంటకు ఫోన్ మళ్లీ మోగింది. డానెట్. తిట్లు తినడానికి సిద్ధపడి ఎత్తింది. డానెట్ తిట్టలేదు.

"తీసేశారు వర్నమ్మా. నాకేం తోచడం లేదు. ఆ భృతికి ఎలా రాయాలో కాస్త చెప్తావా?"

"లైబ్రరీలో కంప్యూటర్ ఉంది, అందులో ఫారం నింపాలే," అంది వర్నా. "ఉద్యోగం ఎందుకు పోయిందని అడుగుతుంది. అక్కడ ఏం రాయాలో మాత్రం నన్నడక్కు తల్లీ," అని భోరుమంది.